ప్రాచీన రోమన్ ఫర్నిచర్‌కు నిక్కమైన ప్రతికృతులను గుర్తించడం, ఎంచుకోవడం, చేయించుకోవడం

రోమన్ కాలపు కుర్చీ కావాలని వెతికేవారికి మొదట ఎదురయ్యేది దాదాపు ఎప్పుడూ ఒకే రకం వస్తువు. కత్తెరలా ఒకదానినొకటి దాటుకునే కాళ్లు, చేతులు ఆనించుకోవడానికి వంపు తిరిగిన కర్రలు, వెనుక ఒక తోలు పట్టీ, అక్కడక్కడా చెక్కిన సింహం తలలు ఉంటాయి. పేరు మాత్రం "రోమన్ సెనేటర్ కుర్చీ" అని ఉంటుంది. నిజానికి అది పశ్చిమ రోమన్ సామ్రాజ్యం అంతరించిన వెయ్యేళ్ల తర్వాత, 15, 16 శతాబ్దాల ఇటలీలో వాడుకలోకి వచ్చిన రూపం. సవొనరోలా కుర్చీ అని ఫర్నిచర్ చరిత్రకారులు పిలిచేది దీనినే. ఇప్పుడు అమ్మకానికి వచ్చేవాటిలో చాలా భాగం ఆ ఇటాలియన్ కుర్చీకి 19వ శతాబ్దంలో చేసిన అనుకరణలను చూసి మళ్లీ చేసినవి. రోమన్ అధికారులు కూర్చున్న సెల్లా కురూలిస్ అనే ఆసనానికి వీపు ఆనించుకునే భాగమే లేదు. అది మడిచి, సేవకుడి చేత మోయించుకుని వెళ్లగలిగిన పీట.

ఈ ఒక్క ఉదాహరణలోనే కొనుగోలుదారుడికి ఎదురయ్యే చిక్కంతా ఉంది. "రోమన్ శైలి" అనే మాటకు ఏ హామీ లేదు. నెపోలియన్ కాలపు ఫ్రెంచి కుర్చీ, క్రీస్తు పూర్వం 5వ శతాబ్దపు గ్రీకు క్లిస్మోస్ కుర్చీకి చేసిన ఆధునిక రూపం, సినిమా సెట్టుకోసం ప్లైవుడ్‌కు బంగారు రంగు పూసి చేసిన మంచం, ఇవన్నీ ఆ మాట కిందికే వస్తాయి. అందువల్ల పాఠశాల ప్రదర్శనకైనా, నాటకానికైనా, సొంత ఇంట్లో ఒక గదికైనా నిక్కమైన ప్రతికృతిని కోరుకునేవారు ఒకే ఒక ప్రశ్నతో మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను: ఈ వస్తువు ఎక్కడ దొరికిన, ఏ మ్యూజియంలో ఉన్న, ఏ మూలవస్తువుకు ప్రతికృతి? దీనికి సూటిగా జవాబు చెప్పగలిగిన అమ్మకందారుతో మాట్లాడడానికి ఇంకా పది విషయాలుంటాయి. చెప్పలేనివారితో మాట్లాడవలసింది ధర ఒక్కటే మిగులుతుంది.

మూలవస్తువులు ఏవి మిగిలాయో ముందుగా తెలుసుకోవాలి. కలప తేమలో కుళ్లిపోతుంది, పొడిగా ఉన్నచోట చెదలు తింటాయి, కాబట్టి రోమన్ కొయ్య సామాను మనదాకా వచ్చిన సందర్భాలు తక్కువ. క్రీ.శ. 79లో ఇటలీలోని వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు దాని దగ్గరి హెర్కులేనియం పట్టణం మీదికి విరుచుకుపడిన అతి వేడి వాయువులు, బూడిద అక్కడి కలపను గాలి అందనివ్వకుండా కప్పివేయడంతో అది కాలి బూడిద కాకుండా బొగ్గుగా మారి నిలిచింది. మంచాలు, బల్లలు, అలమరలు, చిన్న పూజాపీఠాలు, పసిబిడ్డ ఊయల తొట్టి సైతం అక్కడ దొరికాయి. డచ్ పండితుడు స్టెఫాన్ మోల్స్ 1999లో ఈ సామానును కొలతలతో, చిత్రాలతో, అతుకుల వివరాలతో ఒక గ్రంథంగా వెలువరించారు. రోమన్ కొయ్య పని చేస్తానని చెప్పే వడ్రంగికి ఆ పరిశోధన గురించి తెలుసా లేదా అన్నది నేను వాడే మొదటి పరీక్షలలో ఒకటి.

అదే విస్ఫోటనంలో పూడిపోయిన పాంపేయి పట్టణంలో పరిస్థితి వేరు. అక్కడ కలప కుళ్లిపోయి, గట్టిపడిన బూడిదలో దాని ఆకారం మాత్రం ఖాళీగా మిగిలింది. ఇలాంటి ఖాళీలలో ప్లాస్టర్ పోసి ఆకారాన్ని బయటికి తీసే పద్ధతిని 1863లో పురావస్తు శాస్త్రవేత్త జుసెప్పె ఫియొరెల్లి స్థిరపరిచాడు. దానితో మనుషుల ఆకృతులే కాదు, తలుపులు, పెట్టెలు, అలమరలు కూడా తిరిగి రూపం పొందాయి. పట్టణపు గోడలకు వెలుపల చివిటా జులియానా అనే చోట 2021లో ఒక చిన్న గదిలో మూడు మంచాల ఆకృతులు ఇలాగే వెలుగు చూశాయి. వాటిలో రెండింటి పొడవు సుమారు 1.70 మీటర్లు, మూడవదానిది 1.40 మీటర్లు. బానిసలు నివసించిన గదిగా భావిస్తున్న ఆ చోట మంచాల చట్రాలకు అల్లిన తాళ్ల ముద్రలు కూడా కనిపించాయి. మన నులక మంచం ఎరిగినవారికి ఆ అల్లిక చూడగానే అర్థమవుతుంది. మరుసటి ఏడాది, 2022లో, అదే పాంపేయిలో ఒక మధ్యతరగతి ఇంటిలో పెట్టె, మూడు కాళ్ల చిన్న బల్ల, అలమర వంటి సాధారణ సామాను ఆకృతులు దొరికాయి. ఈ రెండు తవ్వకాల వల్ల ప్రతికృతులు చేసేవారికి పెద్ద మేలు జరిగింది, ఎందుకంటే అంతకు ముందు మనకు ఎక్కువగా తెలిసినది సంపన్నుల సామానే.

ఇక మిగిలినవి విడి భాగాలు, బొమ్మలు. మంచం కాళ్లకు తొడిగిన కంచు తొడుగులు, తలవైపు వంపు చట్రానికి బిగించిన కంచర గాడిద తలలు, అలమర తలుపులకు వాడిన ఎముక కీళ్లు మ్యూజియంలలో వందల కొద్దీ ఉన్నాయి. ఈ ఎముక కీళ్ల మీద గుండ్రని రంధ్రాలు ఉండడంతో మొదట్లో కొందరు వాటిని వేణువు ముక్కలని పొరబడ్డారు. అలమర ప్రతికృతి కొనేటప్పుడు దాని తలుపు ఇలాంటి కీళ్ల మీదనో, కంచు బందుల మీదనో తిరుగుతున్నదా లేక బజారులో కొన్న ఇనుప బందులకు రంగు వేశారా అని తప్పక చూడాలి.

బొమ్మలను నమ్మడంలో మరింత జాగ్రత్త అవసరం. అమరావతి, నాగార్జునకొండ శిల్ప ఫలకాల మీద కనిపించే ఆసనాలను చూసి ఆనాటి మన ఇళ్లన్నిటిలోనూ అలాంటి ఆసనాలే ఉండేవని చెప్పలేము కదా. రోమన్ గోడ చిత్రాల విషయమూ అంతే. న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉన్న, బొస్కొరియాలె విల్లా నుంచి తెచ్చిన ఒక చిత్రంలో కితారా అనే తీగల వాయిద్యం పట్టుకున్న స్త్రీ కూర్చున్న ఎర్రటి ఆసనం ఎంతో మంది ప్రతికృతికారులను ఆకర్షించింది. అయితే ఆ చిత్రాల వరుస గ్రీకు రాజవంశాల కాలపు చిత్రాలను అనుసరించి గీసినదని చాలామంది పండితుల అభిప్రాయం, అంటే ఆ కుర్చీ ఆ ఇంట్లో ఉండిన కుర్చీ కాకపోవచ్చు. దీనికి భిన్నంగా, నెదర్లాండ్స్‌లోని సింపెల్‌వెల్డ్‌లో 1930లో దొరికిన రాతి శవపేటిక నాకు చాలా నమ్మదగిన ఆధారంగా తోస్తుంది. దాని లోపలి గోడల మీద మరణించిన స్త్రీ పడుకున్న మంచం, పక్కనే అల్లిక కుర్చీ, బల్లలు, అలమరలు, పాత్రలు పెట్టిన అరలు చెక్కి ఉన్నాయి. చనిపోయిన మనిషికి తన ఇల్లు కళ్లెదుట ఉండాలని చెక్కించిన శిల్పం అది. లైడెన్ నగరంలోని పురావస్తు మ్యూజియంలో దానిని చూడవచ్చు.

ఆధారాలు తెలిసిన తర్వాత ఏ కాలం, ఏ ప్రాంతం, ఏ స్థాయి కుటుంబం అన్నవి నిర్ణయించుకోవాలి. ఈ మూడూ తేల్చుకోకుండా కొన్న వస్తువులు విడివిడిగా నిజమైనవే అయినా, ఒక గదిలో చేరేసరికి అబద్ధం చెబుతాయి. క్రీ.పూ. 187లో రోమన్ సేనాని గ్నేయస్ మాన్లియుస్ వుల్సో ఆసియా మైనర్ (నేటి టర్కీ) నుంచి విజయంతో తిరిగి వచ్చినప్పుడు కంచు మంచాలు, ఒంటికాలి బల్లలు రోముకు మొదటిసారిగా వచ్చాయని రోమన్ చరిత్రకారులే రాశారు. అంటే అంతకు ముందటి రోమన్ రైతు ఇంటిని చూపే ప్రదర్శనలో వాటికి చోటు లేదు. తలవైపు ఫుల్క్రుమ్ అనే వంపు తిరిగిన ఆనుడు చట్రం ఉన్న మంచం క్రీ.పూ. 2వ శతాబ్దం నుంచి క్రీ.శ. 1వ శతాబ్దం వరకు గల ఇటలీకి బాగా నప్పుతుంది. హెర్కులేనియంలో మూడు వైపులా పలకల గోడ ఉన్న మంచాలు దొరికాయి. తర్వాతి శతాబ్దాలలో భోజనశాలలలో అర్ధచంద్రాకారపు పడక, దాని ముందు గుండ్రని బల్ల ప్రాచుర్యంలోకి వచ్చాయి. రైన్ నది తీరం, బ్రిటన్ వంటి ఉత్తర ప్రాంతాలకైతే విల్లో చెట్టు చువ్వలతో అల్లిన ఎత్తైన వీపు కుర్చీయే సరైన ఎంపిక. ట్రియర్ మ్యూజియంలోని నోయ్‌మాగెన్ శిల్పంలో పాఠం వింటున్న విద్యార్థులు అలాంటి ఎత్తైన వీపు కుర్చీలలోనే కూర్చుని ఉంటారు. బ్రిటన్‌లో డోర్సెట్ ప్రాంతపు నల్లటి షేల్ రాయిని చెక్కి చేసిన బల్ల కాళ్లు కూడా దొరికాయి. వాటిని ఇటలీ గదిలో పెడితే పొసగవు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. రోమన్ గదిలో సామాను తక్కువ. గోడలకు నిండుగా చిత్రాలు, నేలకు మొజాయిక్ ఉండేవి కాబట్టి ఒక మంచం, ఒక చిన్న బల్ల, ఒక దీపస్తంభం, ఒక పెట్టె ఉంటే అది పూర్తయిన గదే. డబ్బు పరిమితంగా ఉన్నవారు దీనిని లోటుగా భావించనక్కరలేదు. పది అనుమానాస్పద వస్తువులకు పెట్టే డబ్బును ఒక మంచి బల్ల మీద పెడితే గది మరింత నిజంగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఒక వస్తువును దగ్గరగా చూద్దాం. మెట్రొపాలిటన్ మ్యూజియంలోనే ఎముక శిల్పాలు, గాజు పలకలు పొదిగిన ఒక రోమన్ పడక, దానికి జతగా కాళ్లు పెట్టుకునే పీట ఉన్నాయి. రోమన్ మంచం అనగానే ప్రతికృతికారులు ముందుగా చూపే ఫొటో ఇదే. సన్నగా మొదలై ఉబ్బి మళ్లీ సన్నబడే కాళ్లు, చట్రం మూలల్లో సింహం ముఖాలు, తలవైపు ఎముకతో చెక్కిన బొమ్మలు, పక్క పట్టీల మీద చతురస్రాకారపు రంగు గాజు ముక్కలు, అన్నీ మనసును పట్టి నిలుపుతాయి. కానీ మ్యూజియం తన వివరణలో స్పష్టంగానే చెబుతుంది: ఇది విడి ముక్కల నుంచి తిరిగి కూర్చినది. వాటిలో కొన్ని, క్రీ.శ. 161 నుంచి 169 వరకు సహచక్రవర్తిగా ఉన్న లూసియస్ వేరుస్ విల్లా నుంచి వచ్చి ఉండవచ్చు. ఎముక పనికి ఇతర రోమన్ పడకలలో పోలికలున్నాయి గాని, ఆ చతురస్రపు గాజు పలకలు మొదటినుంచీ ఆ మంచానివే అని నిశ్చయంగా చెప్పలేము. అంటే గాజు పలకలను మక్కీకి మక్కీగా దించిన ప్రతికృతి, మ్యూజియంలో ఉన్న వస్తువుకు నిక్కమైన ప్రతికృతి అవుతుంది. రోమన్ ఇంటిలో ఉండిన మంచానికి నిక్కమైన ప్రతికృతి అవుతుందో లేదో తెలియదు. మంచి పనివాడు ఈ తేడాను తానే ముందుగా మీకు చెబుతాడు. కాళ్లకు, చట్రానికి ఈ పడకను అనుసరించి, గాజు మాత్రం వదిలేసి ఎముక పట్టీలు పెట్టాను అని చెప్పే పనివాడి మీద నాకు గౌరవం కలుగుతుంది.

పునర్నిర్మాణపు పొరపాట్లు ఎంత కాలం నిలుస్తాయో చెప్పడానికి ఇంతకంటే పాత ఉదాహరణ ఒకటి ఉంది. మంచం తలవైపు ఉండే కంచు ఫుల్క్రుమ్ ఏమిటో సరిగా తెలియని 19వ శతాబ్దంలో, మంచాల కంచు భాగాలను సీటు కింద తగిలించి బైసెల్లియుమ్ అనే రెండు మనుషుల గౌరవాసనాలుగా కూర్చారు. మ్యూజియంలలో అలా నిలబెట్టిన వాటిని చూసి గీసిన బొమ్మలు పుస్తకాలకెక్కాయి, ఆ బొమ్మలను చూసి ప్రతికృతులు పుట్టాయి. పొరపాటు ఏమిటో పండితులు తేల్చి వంద సంవత్సరాలు దాటినా ఆ ఆసనం ఇంకా అమ్మకానికి వస్తూనే ఉంటుంది. ఎవరైనా మీకు బైసెల్లియుమ్ చూపితే సీటు పట్టీ కింద గాడిద తలలు, అర్ధప్రతిమలు ఉన్నాయేమో చూడండి. అవి ఉండవలసిన చోటు మంచం తలవైపు.

ఎక్కడ వెతకాలి అన్న ప్రశ్నకు వస్తే, అమ్మకందారుల కంటే ముందు, రోమన్ ఇళ్లను తిరిగి కట్టి సామానుతో నింపిన పురావస్తు ఉద్యానాలను చూడమని నా సలహా. ఆస్ట్రియాలోని కార్నుంటుమ్, జర్మనీలోని క్సాంటెన్, స్విట్జర్లాండ్‌లోని ఆగస్టా రౌరికా, ఇంగ్లండ్ సౌత్ షీల్డ్స్‌లోని అర్బెయా కోట ఇలాంటివి. ఐరోపాలో ఉంటున్న తెలుగువారికి వీటిలో ఏదో ఒకటి సెలవురోజు ప్రయాణపు దూరంలోనే ఉంటుంది. అక్కడి మంచం మీద కూర్చోవచ్చు, అలమర తలుపు తెరిచి చూడవచ్చు, అన్నిటికంటే ముఖ్యంగా దీనిని ఎవరు చేశారు, దేనిని ఆధారంగా తీసుకున్నారు అని సిబ్బందిని అడగవచ్చు. ఇలాంటి సంస్థలకు పని చేసిపెట్టిన వడ్రంగులు, కమ్మరులు, అల్లికపనివారు చాలాసార్లు బయటివారికి కూడా చేసిపెడతారు. వారి పేర్లు ఏ ప్రకటనలోనూ కనిపించవు, అడిగితేనే తెలుస్తాయి. అయితే తిరిగి కట్టిన కాలాన్ని కూడా గమనించాలి. జర్మనీలోని జాల్‌బుర్గ్ కోటను 1897 నుంచి 1907 వరకు తిరిగి కట్టారు, ఆగస్టా రౌరికాలోని రోమన్ ఇల్లు 1950లలోనిది. ప్రతి పునర్నిర్మాణంలోనూ ఆ నాటికి ఉన్న జ్ఞానమే ఉంటుంది.

రోమన్ సైనిక జీవితాన్ని ఆడి చూపించే ఐరోపా బృందాల వెనుక కూడా మంచి పనివారున్నారు. మడత పీటలు, ప్రయాణపు పెట్టెలు, మూడు కాళ్ల బల్లలు కావాలంటే వీరి దగ్గరే నాణ్యత ఎక్కువ, ఎందుకంటే వారి సామాను వానలో తడవాలి, బండిలో పడి కుదుపులకు తట్టుకోవాలి. సంపన్నుల పడక వంటి వాటికి మాత్రం వారు అంతగా పనికిరారు.

కంచు సామాను కోరేవారికి నేపుల్స్ నగరం మరొక దారి. అక్కడ జెన్నారో కియురాజ్జి 1870లో స్థాపించిన పోతపని కర్మాగారం, సబాటినో డె ఏంజెలిస్ కర్మాగారం నేపుల్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలోని కంచు వస్తువులకు ప్రతికృతులు పోసి ప్రపంచమంతటా అమ్మాయి. మూడు కాళ్ల కంచు బల్లలు, దీపస్తంభాలు, కుంపట్లు వాటిలో ఉన్నాయి. ఆ పాత ప్రతికృతులు ఇప్పుడు వేలం పాటలలో కనిపిస్తాయి, కొలతల విషయంలో చాలావరకు నమ్మదగినవి. అయితే వాటి రంగును అర్థం చేసుకోవాలి. కొనుగోలుదారుల అభిరుచిని బట్టి ఆకుపచ్చని పాంపేయి పాటీనా (కంచు మీద కాలంతో ఏర్పడే పొర రంగు), ముదురు రంగు హెర్కులేనియం పాటీనా అంటూ వేర్వేరు పూతలతో ఇచ్చేవారు. రెండు వేల ఏళ్లు భూమిలో ఉన్న కంచు రంగు అది, రోమన్ ఇంటిలో ఉండిన కంచు రంగు కాదు. ఆ ఇంటి కంచును రోజూ తోమేవారు, అది మన పూజగదిలోని ఇత్తడి కుందుల లాగా బంగారు వన్నెతో మెరిసేది. అలాగే హెర్కులేనియం సామాను నల్లగా ఉన్నది బొగ్గయినందువల్ల. దానిని చూసి ప్రతికృతికి నల్ల రంగు వేయడం అమ్మకందారులు తరచుగా చేసే తప్పు. మీకు కావలసింది తవ్వకంలో దొరికిన వస్తువు రూపమా, వాడుకలో ఉన్నప్పటి రూపమా అన్నది ఆర్డరు ఇచ్చే ముందే తేల్చి చెప్పండి. నేనైతే రెండవదానినే కోరుకుంటాను.

అమ్మకందారును అడగవలసిన ఫొటోల గురించి నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక మడత పీటను పై నుంచి, పక్క నుంచి తీసిన చక్కని ఫొటోలు చూసి కొన్నాను. వచ్చిన తర్వాత తిరగేసి చూస్తే కాళ్లు కలిసే చోట ప్లస్ గుర్తు తల ఉన్న స్క్రూలు, వాటి మీద గోధుమ రంగు లప్పం కనిపించాయి. రోమన్లకు మరచుట్టు తెలియనిది కాదు, ద్రాక్ష, ఆలివ్ గానుగలలో పెద్ద పెద్ద కొయ్య మరలు వాడారు. కానీ ఫర్నిచర్ బిగించే స్క్రూ వారి దగ్గర లేదు. అప్పటి నుంచి ప్రతి వస్తువుకూ అడుగు భాగం ఫొటో, ఒక అతుకును దగ్గరగా తీసిన ఫొటో, తలుపు వెనుక వైపు ఫొటో పగటి వెలుతురులో తీసి పంపమని అడుగుతున్నాను. ఒక కర్ర కొసను చెక్కి మరొక కర్రలో తొలిచిన రంధ్రంలో దిగ్గొట్టి, అడ్డంగా కొయ్య చీల కొట్టిన అతుకు, పావురం తోక ఆకారంలో పలకలను కలిపిన అతుకు, జంతు చర్మం నుంచి వండిన జిగురు, చేత్తో సాగగొట్టిన నలుపలకల ఇనుప మేకులు రోమన్ పద్ధతికి గుర్తులు. ప్లైవుడ్, స్ప్రింగుల పరుపు, గుండ్రని తీగ మేకులు, గాజులా మెరిసే పాలియురెథేన్ పూత దానికి విరుద్ధం. పరుపు ఎప్పుడూ చట్రానికి కుట్టేసి ఉండకూడదు. తాళ్ల అల్లిక మీదనో, పట్టీల మీదనో, అడ్డకర్రల మీదనో వేసిన విడి పరుపు, లోపల ఉన్ని లేదా ఎండుగడ్డి, పైన నేసిన దుప్పటి ఉండాలి.

కలప విషయంలో రోమన్లకు గొప్ప పిచ్చి ఉండేది. ఉత్తర ఆఫ్రికాలోని అట్లాస్ పర్వతాల నుంచి వచ్చిన సిట్రుస్ అనే చెట్టు మొదలు దగ్గర పెరిగే గడ్డలను కోసి బల్లలు చేసేవారు. నిమ్మజాతితో దానికి సంబంధం లేదు, అది సైప్రస్ కుటుంబపు చెట్టు. రోమన్ వక్త సిసిరో అలాంటి ఒక బల్లకు 5 లక్షల సెస్టర్సులు (రోమన్ నాణేలు) ఇచ్చాడని రోమన్ రచయిత పెద్ద ప్లీనీ రాశాడు. బల్ల మీద పులి చారలు, చిరుత మచ్చలు, నెమలి పింఛపు కన్నుల లాంటి గీతలు ఎలా ఉంటే ఎక్కువ విలువో కూడా ఆయనే వివరించాడు. ఈ చెట్టు ఇప్పటికీ ఉంది. మొరాకోలోని ఎస్సవీరా పట్టణంలో తూయా పేరుతో పెట్టెలు, చిన్న బల్లలు చేసి అమ్మేది దీని కలపతోనే. రోమన్ ప్రతికృతులు కాకపోయినా, ఆ పట్టణపు పనివారి దగ్గర గుండ్రని బల్లపలక మాత్రం కొని, కాళ్లను వేరొకరి చేత చేయించుకోవడం మంచి ఉపాయం. మేపుల్, బాక్స్‌వుడ్ కూడా రోమన్లు మెచ్చిన కలపలే. చవక కలప మీద ఖరీదైన కలపను పలచటి పొరలుగా కోసి అతికించడం వారికి బాగా అలవాటైన పని కాబట్టి, అసలైన వెనీర్ పనిని చూసి నకిలీ అనుకోకూడదు. అమెరికా నుంచి వచ్చిన మహాగని మాత్రం ఏ రోమనూ చూడలేదు.

ఏనుగు దంతంతో చేశామని ఎవరైనా చెబితే అక్కడితో ఆపేయండి. దంతపు అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధం, మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పైగా దాని అవసరం కూడా లేదు, ఎందుకంటే రోమన్ పడకల మీద కనిపించే తెల్లటి చెక్కుడు పనిలో చాలా భాగం పశువుల ఎముకే. ఎముకతో చేసిన ప్రతికృతి చట్టానికీ చరిత్రకూ రెండింటికీ సరిపోతుంది.

దంతం ప్రస్తావన వచ్చింది కాబట్టి మనకు సంబంధించిన ఒక వస్తువును తలచుకోవాలి. 1938లో పాంపేయిలో దొరికిన, సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తున్న భారతీయ దంతపు స్త్రీమూర్తిని పాంపేయి లక్ష్మి అంటారు. అది నేపుల్స్ మ్యూజియంలో ఉంది. తల నుంచి కిందికి నిలువుగా తొలిచిన రంధ్రం ఉండడం వల్ల అది చిన్న బల్లకు కాలుగా అమర్చినది కావచ్చని పండితులలో చాలామంది భావిస్తారు, అద్దం పిడి అన్న అభిప్రాయమూ ఉంది. దీనికి దగ్గరి పోలిక ఉన్న దంతపు బొమ్మ మహారాష్ట్రలోని భోకర్దన్‌లో దొరికింది. ఆనాడు ఆ ప్రాంతమూ తెలంగాణలోని కోటిలింగాల వంటి పట్టణాలూ శాతవాహనుల ఏలుబడిని చూసినవే. మన దగ్గరి ప్రదర్శనలో రోమన్ సామాను పెట్టదలచినవారు ఈ మూర్తికి రెజిన్‌తోనో ఎముక పొడి మిశ్రమంతోనో పోసిన ప్రతికృతిని, బల్ల కాలు అన్నది ఒక అభిప్రాయం మాత్రమే అని చీటీ రాసి, తప్పక చేర్చాలని నా కోరిక.

దిగుమతి ఖర్చు భరించలేనివారు ఇక్కడే చేయించుకోవచ్చు, నిజానికి ఇది చాలాసార్లు మెరుగైన దారి. మన వడ్రంగికి కొయ్య చీలల అతుకు కొత్త కాదు, నులక అల్లడం ఎరిగిన చేతులు పల్లెల్లో ఇంకా ఉన్నాయి, పేము అల్లేవారు విల్లో కుర్చీ రూపాన్ని చూసి పట్టుకోగలరు. కష్టమైనది మంచం కాళ్ల దగ్గర. రోమన్ మంచం కాలు లేత్ మీద తిప్పినది, ఉబ్బులూ నొక్కులూ చాలా పదునుగా, ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. మన ఉయ్యాల బల్లల కాళ్లకు అలవాటైన చేయి ఆ నొక్కులను తెలియకుండానే మెత్తబరుస్తుంది. అందుకని పనివాడికి ఫొటో ఇచ్చి ఊరుకోకుండా, కాలు అంచు రూపాన్ని అసలు కొలతలో అట్టమీద గీసి కత్తిరించి ఇవ్వండి, తిప్పుతున్న కాలుకు ఆ అట్టను ఆనించి చూసుకుంటూ పోతాడు. మొదట ఒక్క కాలు మాత్రం చేయించి చూసి, బాగుంటేనే మిగిలిన మూడూ చేయించండి. కలపగా టేకు వాడవచ్చా అని చాలామంది అడుగుతారు. ఎర్ర సముద్ర తీరంలోని రోమన్ కాలపు రేవు బెరెనికేలో భారతీయ టేకు దొరికిన మాట నిజమే, కానీ అది ఎక్కువగా పాత ఓడల నుంచి విప్పి కట్టడాలలో తిరిగి వాడిన కలప. రోమన్ ఇళ్లలో టేకు మంచాలు ఉండేవనడానికి అది రుజువు కాదు. గట్టితనం కోసం టేకు వాడండి, వాడినట్లు చెప్పండి.

మొదటిసారి చేయించుకునేవారు మూడు కాళ్ల చిన్న బల్లతో మొదలుపెట్టడం మేలు. హెర్కులేనియంలో దొరికిన ఆధారాలు బలంగా ఉన్నాయి, ఖర్చు తక్కువ, రోమన్ ఇంటిలో ఎక్కడ పెట్టినా పొసగుతుంది. మూడు కాళ్లు కాబట్టి నేల ఎగుడుదిగుడుగా ఉన్నా కదలదు. రాతిపని ఇష్టమైతే, పాంపేయిలో కాస్కా లోంగుస్ పేరు చెక్కి ఉన్న పాలరాతి బల్ల ఉంది. సింహం తల, పాదం ఉన్న మూడు కాళ్ల మీద పలక నిలిచే ఆ బల్ల, జూలియస్ సీజర్‌ను చంపినవారిలో ఒకడైన పుబ్లియుస్ సెర్విలియుస్ కాస్కాకు చెందినదని, అతని ఆస్తి జప్తయి అమ్ముడైనప్పుడు పాంపేయికి చేరి ఉంటుందని భావిస్తారు. దానికి ప్రతికృతి చేయించేటప్పుడు కాస్కా పేరును కూడా దించాలి. అయితే పలక అడుగున, కంటికి కనిపించని చోట, మీ శిల్పి పేరు, ఊరు, చేసిన సంవత్సరం కూడా చెక్కించండి. కొయ్య బల్లయితే కాల్చిన ఇనుముతో ముద్ర వేయించండి. ఏ మూలవస్తువును అనుసరించారో, ఎక్కడెక్కడ మార్చారో ఒక కాగితం మీద రాసి వస్తువుతో పాటే ఉంచితే, యాభై ఏళ్ల తర్వాత అది చేతులు మారినప్పుడు కూడా అసలు రోమన్ వస్తువుగా ఎవరూ అమ్మలేరు.